చదరంగంలో పావు ఎక్కువున్న ఆటను గెలుపు దాకా తీసుకెళ్ళడం ఎలా

మా పాలకొల్లు వైపు సార్వా కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో పడతాయి. తుఫాన్లు వచ్చేదీ ఆ నెలల్లోనే. కోసిన వరి పనలు ఆరడానికి రెండు మూడు రోజులు చేలోనే పడి ఉండాలి. ఆ రోజుల్లో మా నాన్నగారు ఇంట్లో స్థిమితంగా కూర్చునేవారు కాదు, గంటకోసారి బయటికొచ్చి మబ్బు చూసేవారు. ఈసారి ఎకరానికి ఎన్ని బస్తాలండీ అని ఎవరైనా అడిగితే, "ముందు కుప్ప పడనివ్వండి, అప్పుడు చెప్తాను" అనేవారు.

చదరంగంలో ఈ జాగ్రత్త నాకు చాలా ఆలస్యంగా అలవాటైంది. గుర్రం ఎక్కువుంది, ఇంక ఆట నాదే అనుకున్న చోట అర పాయింటు పోగొట్టుకున్నాను, ఒక్కోసారి పూర్తి పాయింటూ పోయింది. ఇరవై ఏళ్ళుగా జిల్లా పోటీల్లో, రేటింగ్ టోర్నీల్లో ఆడుతున్నాను, సాయంత్రాలు మా వీధి పిల్లలకి నేర్పుతున్నాను. పావు గెలవడం పిల్లలకి తొందరగానే వచ్చేస్తుంది. గెలిచిన పావుతో ఆట ముగించడం మాత్రం ఎవరూ విడిగా నేర్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పేర్ల గురించి ఒక మాట. రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అనే రాస్తాను. బిషప్‌ను మా దగ్గర కొందరు శకటం అంటారు, కొందరు ఒంటె అంటారు కాబట్టి గందరగోళం లేకుండా బిషప్ అనే ఉంచాను. విలువలు అందరికీ తెలిసినవే: బంటు 1, గుర్రం 3, బిషప్ 3, ఏనుగు 5, మంత్రి 9. గళ్ళ పేర్లు: తెల్లవైపు కూర్చుంటే ఎడమ నుంచి నిలువు వరుసలు ‘ఏ’ నుంచి ‘హెచ్’ దాకా, మన వైపు నుంచి అడ్డు వరుసలు 1 నుంచి 8 దాకా. జి1 అంటే ‘జి’ నిలువు వరుసలో ఒకటో గడి.

ఒకటో మెట్టు: పావు కొట్టగానే ఆగండి

నా పాత ఆటల కాగితాలు తిరగేస్తే, గెలిచే ఆటను పాడుచేసిన తప్పులు చాలావరకు పావు గెలిచిన తర్వాతి నాలుగైదు ఎత్తుల్లోనే కనిపించాయి. దానికి కారణాలున్నాయి. పావును కొట్టడానికి వెళ్ళిన మన పావు సాధారణంగా తన చోటు వదిలి ఏదో మూలకి పోయి ఉంటుంది. రాజు దగ్గర కాపలా పలచబడి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మన మనసు సడలుతుంది, ఎదుటివాడి మనసు మేలుకుంటుంది. పావు పోయినవాడికి ఇక పోయేదేం లేదు, ప్రతి ఎత్తులోనూ ఏదో ఒక మాయ పెడతాడు.

అందుకని పావు చేతికి రాగానే ఎత్తు కాగితం మీద రాయండి, చేతులు బల్ల కింద పెట్టుకోండి, మళ్ళీ మొదటి నుంచి లెక్క చూడండి. ఎవరి దగ్గర ఏమున్నాయి? వాడి పావులు ఎన్ని కదలికలో ఉన్నాయి, మనవి ఎన్ని ఇంకా ఇంట్లోనే కూర్చున్నాయి? పావుకి బదులుగా వాడికి దక్కిందేమిటి: మన రాజు మీద దాడా, ముందుకొచ్చిన బంటా, రెండు ఎత్తుల సమయమా? ఇంతకీ అది నిజంగా మిగిలిన పావేనా, లేక తర్వాతి ఎత్తులో వాడు వెనక్కి తీసుకోగలడా? రెండు నిమిషాలు ఇక్కడ ఖర్చుపెట్టండి. ఆట మొత్తంలో ఇంతకన్నా లాభసాటి రెండు నిమిషాలు ఉండవు.

రెండో మెట్టు: గట్టు వెంట ఒక చుట్టు తిరగండి

చేలో నీళ్ళు పెట్టాక నాన్నగారు గట్టు వెంట ఒక చుట్టు తిరిగేవారు. నిండుగా నీళ్ళున్న చేను ఖాళీ అవడానికి పీత బొరియ ఒక్కటి చాలు. గట్టు అవతలి పక్క తడి కనిపిస్తే వంగి, గుప్పెడు బురద తీసి, బొరియలో కుక్కి, మడమతో తొక్కి ముందుకెళ్ళేవారు. అది చూడటానికి పెద్ద పనిలా ఉండదు. తర్వాత నీళ్ళు నిలిచేది మాత్రం దానివల్లే.

పావు ఎక్కువున్నప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని అదే. బొరియలు మూడు చోట్ల ఉంటాయి. మొదటిది మీ రాజు వెనక వరుస. రాజు జి1లో, ముందు ఎఫ్2, జి2, హెచ్2 బంట్లు కదలకుండా ఉంటే, వాడి ఏనుగు మీ మొదటి అడ్డు వరుసలోకి దిగిన రోజున ఆటకట్టే. హెచ్3కి బంటు ఒక్క గడి తోస్తే రాజుకి కిటికీ దొరుకుతుంది. రెండోది, కాపలా లేని పావులు. వాడి మంత్రి ఒక్క ఎత్తుతో రాజుకి చెక్ ఇస్తూ ఇంకో దాన్ని కొట్టేది కాపలా లేని పావు ఉన్నప్పుడే. మూడోది, మూలన ఇరుక్కుపోయిన మన పావు. గుర్రం ఏ8లో ఏనుగును తిని అక్కడే ఉండిపోయిందనుకోండి, అది బయటపడే దాకా ఆ లాభం కాగితం మీదే ఉన్నట్టు.

సమానంగా ఉన్న ఆటలో ఇలాంటి ఎత్తులు రెండు ఖర్చుపెడితే ఎదుటివాడు ముందుకెళ్ళిపోతాడు. పావు ఎక్కువున్నప్పుడు ఆ తీరిక మీకుంది. పావు గెలిచినందుకు దక్కిన మొదటి ఫలం అదే, దాన్ని వాడుకోండి.

మూడో మెట్టు: ప్రతి ఎత్తుకీ ముందు వాడి వైపు నుంచి చూడండి

ఎత్తు వేసే ముందు మీలో మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇప్పుడు నా ఎత్తు కాకుండా వాడి ఎత్తే అయితే ఏం వేస్తాడు? దానికి జవాబు దొరికితే, ముందు దాన్ని ఆపండి. ఆ తర్వాతే మీ పని.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. పావు ఎక్కువున్న ఆటలో లెక్కపెట్టాల్సింది ఎదుటివాడికి ఇంకా ఎంత పని మిగిలిందన్నది. వాడి గుర్రం మధ్యలో కూర్చుని ఉంటే వాడికి పని ఉంది. వాడి ఏనుగు తెరుచుకున్న, అంటే బంట్లు అడ్డులేని, నిలువు వరుసలో ఉంటే పని ఉంది. వాడి బంటు ఎవరూ ఆపకుండా ముందుకు నడుస్తుంటే చాలా పని ఉంది. ఆ పనులు ఒక్కొక్కటే తీసేయండి. ఏ పనీ లేని స్థితికి వాడు వచ్చాక, మీ అదనపు పావు తనంతట తనే మాట్లాడుతుంది. గెలిచే ఆటలో మెరుపు ఎత్తులు వెతికే పిల్లలకి నేను మొదట మాన్పించే అలవాటు కూడా అదే. ఎదుటివాడికి ఊపిరాడని ఎత్తు కనిపిస్తే, అందమైన బలి కనిపించినా సరే, ముందు ఊపిరి ఆపే ఎత్తే వేయండి.

నాలుగో మెట్టు: పావుల్ని మార్చుకోండి, బంట్లను కాదు

ఈ సూత్రం మీరు వినే ఉంటారు. ఎందుకో తెలిస్తేనే సరిగ్గా వాడగలరు.

పదిమంది కోత కూలీలున్న చేలో పదకొండో మనిషి వచ్చినా పెద్దగా తేడా తెలియదు. ఇద్దరున్న చోటికి మూడోవాడు వస్తే గంటలో తెలిసిపోతుంది. అలాగే ఒక్కొక్క పావూ మార్చుకుంటూ పోతే, ఐదు మీద నాలుగుగా ఉన్నది రెండు మీద ఒకటి అవుతుంది, చివరికి ఒకటి మీద సున్నా. అప్పుడు మీ బిషప్ వాడి బంట్లను తీరిగ్గా కొడుతుంది, ఆపడానికి వాడి దగ్గర రాజు తప్ప ఎవరూ ఉండరు.

బంట్లు వేరు. ఒంటరి గుర్రంతో గానీ ఒంటరి బిషప్‌తో గానీ ఆటకట్టు అసాధ్యం. రెండు గుర్రాలున్నా ఒంటరి రాజు మీద బలవంతంగా ఆటకట్టు చేయలేరు. అంటే మీ దగ్గర ఒక్క గుర్రమో బిషప్పో మాత్రమే మిగిలి బంట్లన్నీ అయిపోతే ఆట డ్రా. మీ బంటే రేపటి మంత్రి. పావు తక్కువున్నవాడు వరసగా బంట్లు మార్చడానికి చూస్తున్నాడంటే, వాడికి ఈ లెక్క తెలుసన్నమాట, జాగ్రత్త పడండి.

మార్పిడి కోసం వాడి పావు వెంట పరిగెత్తకండి. అలా పరిగెత్తితే మీ పావులే చెల్లాచెదురవుతాయి. మంచి చోటు పట్టుకోండి, అంతే. తెరుచుకున్న ఒకే ఒక్క నిలువు వరుసలో ఏనుగు పెట్టండి. వాడు ఏనుగు మార్చుకుంటే మీకు కావలసిందే. మార్చుకోకపోతే ఆ వరుస మీది. వాడి రాజు పక్కన కాపలా కాస్తున్న గుర్రాన్ని, మధ్యలో కూర్చున్న బిషప్‌ను ముందు మార్చుకోండి. వాడి పనికిరాని పావును మాత్రం మార్చి పుణ్యం కట్టుకోకండి, దాన్ని అలాగే ఉండనివ్వండి.

ప్రతి మార్పిడికి ముందూ, ఇది జరిగాక బోర్డు ఎలా ఉంటుందో చివరి దాకా చూడాలి. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో జరిగింది. ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట, అదే చివరిది. అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ తెల్ల పావులు, మన దేశపు గుకేశ్ నల్ల పావులు. ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో బిషప్. గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి, అన్నీ ఒకే వైపు. సరిగ్గా కాపాడుకుంటే డ్రా అయ్యే ఆట. గుకేశ్ తొందరపడలేదు, వదిలేయనూ లేదు. తనకు ప్రమాదం లేని ఎత్తులు వేస్తూ, డింగ్‌ను ప్రతిసారీ ఒక నిర్ణయం తీసుకునేలా చేశాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుల మార్పిడికి సిద్ధపడి తన ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. ఏనుగులు పోతే భారం తగ్గుతుందనిపించి ఉంటుంది. కానీ ఆయన బిషప్ ఏ8 మూలన ఉంది. ఏనుగులు పోగానే గుకేశ్ తన బిషప్‌ను డి5లో ఎదురుగా నిలబెట్టాడు. మూలనున్న బిషప్‌కు ఆ ఏటవాలు దారి తప్ప వేరే దారి లేదు, మార్పిడి తప్పలేదు. మిగిలింది రాజులు, రెండు బంట్ల మీద ఒక బంటు. 58వ ఎత్తుతో ఆట ముగిసింది, 7.5–6.5తో 18 ఏళ్ళ గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఒక్క బంటే ఎక్కువున్నా, ప్రమాదం లేనంత కాలం ఆడుతూనే ఉండాలన్నది ఆ ఆట చూసి నేను పిల్లలకి చెప్పే మొదటి సంగతి. రెండోది, ఏనుగుల మార్పిడిని చూసేటప్పుడు దాని వెనకే వచ్చే బిషప్‌ల మార్పిడినీ చూడాలన్నది.

ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి. ఇద్దరికీ ఒక్కో బిషప్ మిగిలి, ఒకటి తెల్ల గళ్ళలో, ఒకటి నల్ల గళ్ళలో తిరిగేదైతే, రెండు బంట్లు ఎక్కువున్నా చాలాసార్లు డ్రా. వాడి రాజు, బిషప్ కలిసి మీ బిషప్ తాకలేని రంగు గళ్ళలో అడ్డంగా కూర్చుంటాయి. అలాంటి బిషప్‌లుంటే ఏనుగుల్నో గుర్రాల్నో బోర్డు మీద ఉంచుకోవడమే మంచిది. బంట్లన్నీ ఒకే వైపున్నప్పుడు కూడా ఒక్క బంటు ఆధిక్యం చాలడం కష్టం. రెండు వైపులా బంట్లుంటే గెలుపు అవకాశాలు బాగా పెరుగుతాయి.

ఐదో మెట్టు: ఏ బంటు మిగలాలో ముందే ఎంచుకోండి

ఇది నాకు జరిగింది. ఒక రేటింగ్ టోర్నీ, ఆఖరి రౌండు. నేను తెల్ల. నా రాజు ఎఫ్4లో, తెల్ల గళ్ళ బిషప్ ఈ2లో, బంట్లు జి4, హెచ్3. వాడి రాజు జి7లో, ఒకే ఒక బంటు హెచ్5లో. నాకు బిషప్ ఎక్కువ, బంటూ ఎక్కువ. గడియారంలో రెండు నిమిషాలు చిల్లర ఉంది. వాడు హెచ్5 బంటుతో జి4 బంటును కొట్టాడు. నేను వెనక్కి కొట్టడానికి మూడు మార్గాలు: హెచ్3 బంటుతో, రాజుతో, లేదా బిషప్‌తో. బిషప్‌తో కొడితే హెచ్ బంటుకి దారి పూర్తిగా ఖాళీ అవుతుందనిపించింది. బిషప్‌తో కొట్టాను.

వాడు రాజును హెచ్8కి తీసుకెళ్ళి కూర్చున్నాడు. హెచ్8 నల్ల గడి. నా బిషప్ తెల్ల గళ్ళది. రాజును ఆ మూల నుంచి కదిలించే పావు నా దగ్గర లేదు. దగ్గరికెళ్తే స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే వాడికి కదలడానికి గడి లేకపోవడం, అప్పుడు ఆట డ్రా), దూరంగా ఉంటే వాడు హెచ్8, జి8 మధ్య అటూ ఇటూ తిరుగుతాడు. ఇరవై ఎత్తులు ఆడాను, ఆ తర్వాత డ్రాకి చేయి కలిపాను. హెచ్3 బంటుతో కొట్టి ఉంటే జి బంటు మిగిలేది, పది నిమిషాల్లో ఇంటికి బయల్దేరేవాణ్ణి. రావులపాలెం వంతెన మీద బస్సులో కూర్చుని కూడా జి4 గడే కళ్ళ ముందు కదిలింది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: అంచు బంటు, అంటే ‘ఏ’ వరుస లేదా ‘హెచ్’ వరుస బంటు, మీ బిషప్‌తో కలిసి గెలవాలంటే, ఆ బంటు మంత్రి అయ్యే మూల గడి మీ బిషప్ రంగుదై ఉండాలి. తెల్ల గళ్ళ బిషప్‌కు ఏ8 మంచిది, హెచ్8 చెడ్డది. నల్ల గళ్ళ బిషప్‌కు తారుమారు. నల్లవైపు ఆడుతుంటే బంటు చేరే చివరి మూలకు ఇదే లెక్క చూసుకోండి. వాడి రాజు ఆ మూలకు చేరలేనంత దూరంలో ఉంటే భయం లేదు. కానీ ఈ లెక్క బోర్డు మీద ఇంకా నాలుగైదు బంట్లున్నప్పుడే మొదలవ్వాలి. వీలైనంతవరకు రెండు వైపులా ఒక్కో బంటు మిగిలేలా చూసుకోండి.

ఆరో మెట్టు: చివరి పావులు మార్చే ముందు ఎత్తులు లెక్కపెట్టండి

అన్ని పావులూ పోయి రాజులు, బంట్లు మాత్రమే మిగిలే ఆట దగ్గర మబ్బుచాటు వ్యవహారం ఏదీ ఉండదు. గెలుపో, డ్రానో, ఖచ్చితంగా తేలుతుంది. అందుకే అక్కడికి దిగే ముందు వేళ్ళ మీద లెక్కపెట్టాలి, అంచనా పనికిరాదు.

ఇప్పుడే బోర్డు మీద పెట్టి చూడండి. తెల్ల రాజు ఈ5, తెల్ల బంటు ఈ4, నల్ల రాజు ఈ7. తెల్ల ఎత్తు. ఇది డ్రా. మీ రాజు డి5కి వెళ్తే వాడి రాజు డి7కి వచ్చి ఎదురు నిలబడతాడు, ఎఫ్5కి వెళ్తే ఎఫ్7కి. మీకు దారి ఇవ్వడు. అదే స్థితిలో ఎత్తు నల్లదైతే తెల్ల గెలుస్తుంది. వాడు డి7కి తప్పుకుంటే మీరు ఎఫ్6కి, ఈ8కి వెనక్కి తగ్గితే మీరు ఈ6కి. రాజు బంటు ముందు ఆ గళ్ళు పట్టుకున్నాక ఇక అడ్డు లేదు.

ఇప్పుడు బంటును ఈ4 నుంచి తీసి ఈ3లో పెట్టండి. మళ్ళీ తెల్ల ఎత్తే. ఈసారి తెల్ల గెలుస్తుంది! బంటును ఈ4కి తోస్తే చాలు, ఎత్తు నల్ల మీద పడింది, ఇందాకటి గెలుపు స్థితి వచ్చేసింది. ఒక్క గడి వెనక ఉన్న బంటు ఆటను గెలిపించింది. గెలిచే ఆటలో బంట్లను గబగబా ముందుకు తోసేవాళ్ళు పోగొట్టుకునేది సరిగ్గా ఈ ఒక్క ఎత్తునే. తోసిన బంటు వెనక్కి రాదు. అవసరం వచ్చేదాకా ఆ ఎత్తును గాదెలో దాచుకోండి, ముందు రాజును నడిపించండి.

ఏడో మెట్టు: రెండు వైపులా పని కల్పించండి

ఒకే చోట ఒత్తిడి పెడితే ఎదుటివాడు తన పావులన్నీ అక్కడే చేర్చి తట్టుకుంటాడు. రెండు చోట్ల పెడితే తట్టుకోలేడు. ఆచరణలో ఇది ఇలా ఉంటుంది: మీ అదనపు బంటును ‘ఏ’ నిలువు వరుసలో నెమ్మదిగా నడిపించండి. దాన్ని ఆపడానికి వాడి రాజు అటు పోవాలి. వాడు అటు పోగానే మీ రాజు ఇటు, జి, హెచ్ వరుసల వైపు నడిచి, అక్కడి బంట్లను తింటాడు. ఆ ‘ఏ’ వరుస బంటు చివరికి పోయినా నష్టం లేదు, వాడి రాజును దూరంగా లాగడమే దాని పని.

పావులు తగ్గాక రాజు దాక్కోకూడదు. మంత్రులు పోయిన ఆటలో రాజు కూడా కూలిమనిషే, చేలో దిగాలి. బోర్డు మధ్యకు వస్తే రెండు వైపులా అందుబాటులో ఉంటాడు.

ఎనిమిదో మెట్టు: అవసరమైతే లాభంలో కొంత తిరిగి ఇచ్చేయండి

పావు ఎక్కువున్నవాడికి దాన్ని పట్టుకుని వేలాడాలన్న ఆశ సహజం. ఆ ఆశే చాలా ఆటలు పాడుచేస్తుంది. వాడి దూరపు బంటు ఏ2 దాకా వచ్చేసి, మీ గుర్రం దానికి కాపలాగా అక్కడే కట్టుబడిపోయిందనుకోండి. ఆ గుర్రాన్ని ఆ బంటుకి ఇచ్చేసి, వాడి రాజు అటు వెళ్ళిన రెండు మూడు ఎత్తుల్లో మీ రాజు ఇటు మూడు బంట్లు తినగలిగితే ఇచ్చేయడమే సరి. ఏనుగు ఉన్న మీ మీద వాడికి బిషప్ మాత్రమే ఉండి, ఆ బిషప్ మీ రాజును ఊపిరాడనివ్వకుండా చేస్తుంటే, ఏనుగు ఇచ్చి బిషప్‌నూ ఒక బంటునూ తీసుకోండి. కాగితం మీద లాభం తగ్గుతుంది, వాడి పని మొత్తం అయిపోతుంది.

1924 న్యూయార్క్ టోర్నీలో అప్పటి ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా తెల్ల పావులతో, టార్టకోవర్ మీద ఏనుగుల ముగింపు ఆడుతూ, తన బంట్లు పోతున్నా వెనక్కి చూడకుండా రాజును ముందుకు నడిపించాడు. ఆ రాజు, ఏనుగు, దూసుకెళ్ళే బంటు కలిసి నల్ల రాజును కట్టిపడేశాయి. పోయిన బంట్ల కంటే ఎక్కువే తర్వాత వెనక్కి వచ్చాయి. ఆ ఆట దొరికితే ఒక సాయంత్రం దానికి కేటాయించండి.

తొమ్మిదో మెట్టు: ఏనుగుల ముగింపులో రెండు స్థితులు కంఠతా ఉండాలి

చదరంగంలో ఎక్కువసార్లు ఎదురయ్యే ముగింపు ఇదే. ఒక బంటు ఎక్కువున్నా చాలాసార్లు డ్రా. మొదట బంటు వెనక మీ ఏనుగు ఉండాలి, ముందు కాదు. బంటు నడిచేకొద్దీ వెనకున్న ఏనుగుకి చోటు పెరుగుతుంది, ముందున్న ఏనుగుకి తగ్గుతుంది. వాడి బంటును ఆపేటప్పుడూ అదే పద్ధతి.

లూసెనా స్థితి గెలుపు. తెల్ల రాజు జి8, బంటు జి7, ఏనుగు ఈ1. నల్ల రాజు డి7, నల్ల ఏనుగు హెచ్2. బంటు ముందు రాజే అడ్డుగా ఉన్నాడు, బయటికొస్తే చెక్‌లు మొదలవుతాయి. జవాబు: ఏనుగు ఈ4కి. నల్ల హెచ్1లో ఆగుతుంది. రాజు ఎఫ్7, ఎఫ్1 నుంచి చెక్. రాజు జి6, జి1 నుంచి చెక్. రాజు ఎఫ్6, మళ్ళీ ఎఫ్1 నుంచి చెక్. రాజు జి5, జి1 నుంచి చెక్. ఇప్పుడు నాలుగో వరుసలో ముందే కూర్చోబెట్టిన ఏనుగు జి4కి వచ్చి గొడుగు పడుతుంది. చెక్‌లు అయిపోయాయి, బంటు మంత్రి అవుతుంది. రెండోది ఫిలిడోర్ స్థితి, అది డ్రా. కాపాడుకునేవాడి రాజు బంటు ముందు ఉండి, ఏనుగు బంటుకి ఒక వరుస ముందు అడ్డంగా నిలబడి మీ రాజును దాటనివ్వదు. బంటు ఆ వరుసకు రాగానే ఏనుగు వెనక్కి పరిగెత్తి దూరం నుంచి చెక్‌లు ఇస్తుంది. పావు ఎక్కువున్నవాడు వాణ్ణి ఆ అమరికలోకి రానివ్వకూడదు.

పదో మెట్టు: గడియారం, టెన్షన్, స్టేల్‌మేట్

మంత్రి వచ్చేశాక కూడా ఆట పోగొట్టుకునే పిల్లల్ని వారానికొకరిని చూస్తాను. వాడి రాజు హెచ్8లో ఒంటరిగా ఉన్నాడు, మీ రాజు ఎక్కడో దూరాన ఉన్నాడు, మీరు మంత్రిని జి6లో పెట్టారు. చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్, డ్రా. ఒంటరి రాజు మీద ఆడేటప్పుడు ప్రతి ఎత్తుకీ ముందు, వాడికి కదలడానికి కనీసం ఒక గడి మిగిలిందో లేదో వేలు పెట్టి చూడండి. చెక్ ఇస్తున్నట్టయితే ఆ భయం లేదు.

90 నిమిషాలకు ఎత్తుకి 30 సెకన్లు కలిసే టోర్నీల్లో, పావు గెలిచే సరికి కనీసం పది నిమిషాలు మిగుల్చుకోండి. గెలుపు నెమ్మదిగా వచ్చేది కాబట్టి ఆ సమయం కావాలి. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఆ పోటీల్లో ఆటకి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లే. సమయం తక్కువున్న చోట అలవాటుగా వచ్చే ముగింపులే కాపాడతాయి. ఆలోచనకు సమయం కావలసివస్తే అదే స్థితిని రెండోసారి తిప్పి తెచ్చుకోవచ్చు. మూడోసారి రానివ్వకండి, వాడు డ్రా అడుగుతాడు.

2025 జూన్ 1న నార్వే చెస్ టోర్నీలో, ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మాగ్నస్ కార్ల్‌సన్ గుకేశ్ మీద గెలుపు అంచు దాకా వచ్చాడు. గడియారంలో సెకన్లే మిగిలిన దశలో తప్పు ఎత్తు వేసి ఆట ఓడిపోయాడు, పిడికిలితో బల్ల గుద్దాడు. అంతటివాడికే అది జరిగింది. గెలిచే ఆట చేజారితే కుంగిపోయే పిల్లలకి నేను ఆ వీడియో చూపించి, తర్వాత వాళ్ళ కాగితం తెరిపిస్తాను.

పదకొండో మెట్టు: సాధన

ఇంట్లో ఇలా మొదలుపెట్టండి. రెండు వైపులా రాజు, ఎనిమిది బంట్లు, అన్నీ మొదటి గళ్ళలో. తెల్లకు అదనంగా బి1లో గుర్రం. పది నిమిషాల ఆట. ఒకసారి తెల్ల, ఒకసారి నల్ల. మొదటి రెండు మూడు రోజులు తెల్లవైపు గెలవలేకపోతే ఆశ్చర్యపోకండి, గుర్రానికి ఎక్కడ నిలబడాలో తెలియాలి. అది బాగా వచ్చాక గుర్రం బదులు బిషప్ పెట్టండి, ఆ తర్వాత ఇద్దరికీ ఒక్కో ఏనుగు చేర్చండి. చివరగా మీ సొంత ఆటల కాగితాలు తీసి, పావు గెలిచిన ఎత్తు దగ్గర బోర్డు పేర్చి, అక్కడి నుంచి ఒక మిత్రుడితో ఐదు ఆటలు ఆడండి.

నల్లవైపు కూర్చున్నప్పుడు ఒక పని తప్పకుండా చేయండి. తెల్ల ఏ ఎత్తు వేస్తే మీకు ఇక చేయడానికేమీ మిగలలేదనిపించిందో, ఆ ఎత్తు పక్కన చిన్న చుక్క పెట్టండి. మా పిల్లల కాగితాల మీద ఆ చుక్కలు పావు కొట్టిన ఎత్తుల దగ్గర అరుదుగా ఉంటాయి. ఎక్కువగా రాజు ఒక్క గడి కదిలిన చోట, హెచ్3 లాంటి చిన్న బంటు ఎత్తు దగ్గర, ఏనుగు వచ్చి తెరుచుకున్న వరుసలో నిలబడిన చోట ఉంటాయి. మరుసటి ఆటలో తెల్లవైపు కూర్చుని ఆ చుక్కలున్న ఎత్తులనే వెతకండి.